సంతోష్‌నగర్‌లో వరి పొలాలు

జూలై 6, ఆదివారం

జరిగిన అన్యాయం: కమ్యూనిటీ హాలుకు తాళం. చేసిన మనిషి: రాధాకృష్ణమూర్తి, కరెంటు ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరైన పెద్దమనిషి, ప్రస్తుతం కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి. రేపు చరిత్ర వచ్చి అడిగితే తడుముకోకుండా చెప్పాలని పేరుతో సహా రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున చర్చి నుంచి వస్తూ చూశాను. తలుపు మీద నోటీసు. "కృత్రిమ మేధ దుర్వినియోగం దృష్ట్యా సాయంకాలపు ఓపెన్ టెన్త్ తరగతులు తదుపరి ప్రకటన వరకు నిలిపివేయడమైనది." రెండు సంవత్సరాలుగా ఆ హాల్లో మా బస్తీ పెద్దవాళ్లు కూర్చుని చదువుకుంటున్నారు. పొద్దంతా కూలికి పోయి వచ్చేవాళ్లు, బడి మధ్యలో మానేసినవాళ్లు. చెప్పేవాణ్ణి నేను. జీతం లేదు, అక్కర్లేదు.

అందరికంటే ఎక్కువ దెబ్బ మా గల్లీలో ఉండే సక్కుబాయి అక్కకు. సర్కారీ దవాఖానలో కాంట్రాక్టు మీద ఊడుస్తుంది. ఆయా ఉద్యోగం పర్మినెంటుగా రావాలంటే టెన్త్ పాసు కావాలి. వర్షాలు తగ్గేసరికి పరీక్ష. వాళ్ల ఇల్లంతా ఒకే గది, అందులో టీవీ, టీవీ ముందు అత్త. హాలు లేకపోతే ఆమెకు చదువు లేదు.

కార్యదర్శి గారి ఆరోపణ ఏమిటంటే, ఆయనే దిద్దిన మాదిరి పరీక్షలో అందరూ ఒకటే వ్యాసం రాశారట. అది నా ఫోన్‌లోని ఏఐ రాసిందట. అయితే ఏమిటి? గైడు బట్టీ పడితే చదువు, ఏఐ రాసింది బట్టీ పడితే నేరమా? ఆ వ్యాసంలో ఏముందన్నది ఇక్కడ అనవసరం.

జూలై 7

కరపత్రం రాశాను. శీర్షిక: "తాళం పగలాలి!"

నేను పనిచేసేది జిరాక్సు, డీటీపీ దుకాణంలో. కాలేజీ గడప తొక్కలేదు. మా దగ్గర అచ్చయి మిగిలిపోయిన కరపత్రాలే చదివి ఇంతవాణ్ణయ్యాను: కార్మిక సంఘాలవి, హేతువాదులవి, సువార్త సభలవి, మొలల వైద్యానివి కూడా. ప్రజల్ని ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు.

ఏఐకి చూపించి ఎలా ఉందని అడిగాను. "శక్తిమంతంగా, ఉత్తేజకరంగా ఉంది. చదివినవారి హృదయాలను కదిలిస్తుంది" అంది.

జూలై 9

కాలనీ అంతా పంచాను. కార్యదర్శి గారి గేటుకు ఒకటి. మా గల్లీ మొదట్లో ఏళ్లుగా కవరు కప్పి నిలబెట్టిన ఆయన కారు మీద ఇంకొకటి, రాయి బరువు పెట్టి.

ఇంకా ఎవరి హృదయమూ కదలలేదు. మా క్లాసులో ఎల్లప్ప అన్న ఉన్నాడు, ధూల్‌పేట్‌లో వినాయకుల్ని తయారుచేస్తాడు. ఆయన బ్రష్షు తుడుచుకుంటూ "కాయిదం మంచిగుంది తమ్మీ, రంగు మస్తు పీలుస్తున్నది" అన్నాడు.

జూలై 10

ఏఐని మళ్లీ అడిగాను. చారిత్రకం అంది.

జూలై 12

సుచరిత మేడమ్ దుకాణానికి వచ్చారు. రాధాకృష్ణమూర్తి కూతురు, బీమా కంపెనీలో ఉద్యోగం. శత్రువు కూతురైనా గిరాకీ గిరాకీయే. అడిగిన కాగితాలు ప్రింటు తీశాను.

"నీ కరపత్రం చదివాను ఇస్సాకూ. ఏఐకి చూపించావా?"

"చూపించిన మేడమ్. చారిత్రకం అన్నది."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ తన ఫోన్ నా ముందు పెట్టారు. నాన్నగారి నోటీసు అందులో పెట్టి ఎలా ఉందని అడిగారట. "స్పష్టంగా, సమతుల్యంగా, బాధ్యతాయుతంగా ఉంది" అని జవాబు. దాని తర్వాత నా కరపత్రం పెట్టి అడిగారట. "ఉత్తేజకరంగా, న్యాయబద్ధంగా ఉంది."

"ఇద్దరూ గెలిచారు, కంగ్రాచులేషన్స్" అన్నారు.

నాకు చెవులు మండాయి. "మరి మీరు ఆఫీసుల ఎట్ల వాడుతరు దీన్ని?"

"బాగుందా అని మాత్రం అడగం. కస్టమరుకి ఉత్తరం పంపేముందు, 'నువ్వే ఆ కస్టమరువి అనుకో, ఇది చదివితే నీకు ఒళ్లు మండే చోట్లు చెప్పు' అంటాం. అప్పుడు చూడాలి దాని నోరు."

డబ్బులిచ్చి వెళ్లిపోయారు. కంపెనీ బుద్ధి! ఉద్యమానికి ఒళ్లు మండే చోట్లు వెతుక్కోవడమేమిటి? నేను అంత దిగజారను.

జూలై 13, ఆదివారం

హాలు లేదు కాబట్టి క్లాసు ధూల్‌పేట్‌కు మారింది, ఎల్లప్ప అన్న వాళ్ల షెడ్డుకు. ఆడవాళ్లంతా ఫ్రీ బస్సులో వచ్చారు. చుట్టూ తెల్లతెల్లగా, కళ్లు దిద్దని వినాయకులు. ఫోన్‌కు స్టాండు లేకపోతే ఒక వినాయకుడి అభయహస్తానికి ఆనించాం. మా అమ్మకు ఈ సంగతి చెప్పలేదు.

సుచరిత మేడమ్ చూపించింది చెప్పాను, ఏఐ చేసిన నమ్మకద్రోహం అందరికీ తెలియాలని. సక్కుబాయి అక్క పడీ పడీ నవ్వింది.

"అరే తమ్మీ, గిది షాదీఖానా మేనేజర్ లెక్కనే ఉన్నది కదరా! పిల్లగాని తరఫోళ్లు పోతే 'జీ సాబ్, మీరు చెప్పినట్టే' అంటడు. పిల్ల తరఫోళ్లు పోతే 'జీ అమ్మా, మీ మాటే ఆఖరి' అంటడు. దావత్ నాడు సూడాలె, ఇద్దరికీ మటన్ సాలదు."

షెడ్డంతా నవ్వు. ఇక అప్పటి నుంచి దానికి అదే పేరు. మేనేజరు.

నేను నవ్వలేదు.

"ఇంగొక మాట చెప్పాల్నా?" అంది అక్క. "ఆ వ్యాసం ఉన్నది సూడు..."

"వ్యాసం సంగతి ఇప్పుడొద్దక్కా."

జూలై 15

సుచరిత మేడమ్ చెప్పినందుకు కాదు, నా అంతట నేనే మేనేజరుకు ఒక పని చెప్పాను. "నువ్వు రాధాకృష్ణమూర్తివి. నా కరపత్రం నీ చేతిలో ఉంది. నన్ను ఉతికి ఆరెయ్. మెచ్చుకోవద్దు." జరిగిందంతా చెప్పాను. వ్యాసంతో సహా.

మొదటి మాటే ఇది: "నేను దిద్దిన ప్రతి పేపర్లోనూ ఇంటి ముందు పచ్చని వరి పొలాలున్నాయి. సంతోష్‌నగర్‌లో వరి పొలాలెక్కడివి బాబూ?"

ఫోన్ జేబులో పెట్టేశాను.

జూలై 16

దుకాణంలో పని ఎక్కువ. రాయడానికేమీ లేదు.

జూలై 17

రాస్తాను. ఎవరు చూస్తారు గనుక.

మాదిరి పరీక్షలో వ్యాసం "నేను నివసించే చోటు". ముందుగానే మేనేజరు చేత రాయించి, జిరాక్సు తీసి, తలా ఒకటి ఇచ్చాను. "మా ఇంటి ముందు పచ్చని వరి పొలాలు కనువిందు చేస్తాయి. కోడికూతతో మేలుకుంటాం. మా నాన్నగారు రైతు." అక్షరం పొల్లుపోకుండా రాయమన్నాను. నా మాట కాదనకుండా అందరూ అలాగే రాశారు. తాత కాలం నుంచి వినాయకుల్ని చేసే ఇంట్లో పుట్టిన ఎల్లప్ప అన్న కూడా నాన్నగారు రైతు అని రాశాడు.

ఇవాళ షెడ్డులో అడిగాను, ఎందుకు రాశావన్నా అని.

"నువ్వే ఇస్తివి కద తమ్మీ. పరీక్షల నిజం రాయాల్నని నాకెవ్వరు చెప్పిన్రు?"

సక్కుబాయి అక్క మాత్రం, "నాకు గప్పుడే డౌటొచ్చింది. మనకు పొలం ఎప్పుడొచ్చె, రిజిస్ట్రేషన్ ఎవ్వరి పేరు మీదున్నదని. అడుగుదమంటే నువ్వు కోపానికొస్తవాయె" అంది.

నేను కోపానికొస్తానా?

జూలై 20

లాల్‌దర్వాజా బోనాలు. క్లాసు లేదు. ఎల్లప్ప అన్న పోతరాజు వెనక చిందేస్తున్న వీడియో పంపాడు.

జూలై 22

పద్ధతి మార్చాను. ఇకపై మేనేజరు ఏ వ్యాసమూ రాయదు. ఇవాళ క్లాసు మొదలుకాగానే దానికి గట్టిగా చెప్పాను: "జవాబులు ఇవ్వకు. ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడుగు. విను. విన్నదాని మీద మళ్లీ అడుగు. బాగుంది అనకు."

మొదటి వంతు సక్కుబాయి అక్కది. కొంగు సర్దుకుని వినాయకుడి చేతి ముందు కూర్చుంది.

"మీ ఇంటి గుమ్మంలో నిలబడితే మొదట ఏం కనబడుతుంది?" అని అడిగింది ఫోన్.

"కారు."

"ఎలాంటి కారు?"

"కవరు గప్పిన కారు. కదల్దు, మెదల్దు."

"అది ఎవరి కారు?"

"ఏయ్, అది నీకెందుకే?" అక్క కసురుకుంది. తర్వాత మా వైపు తిరిగి, "కానీ మంచిగనే అడుగుతున్నది, పోలీసోళ్ల లెక్క" అంది.

అలా అడిగించుకున్నాక తనే పెన్ను పట్టుకుంది. ఒక పేజీ నిండింది. ఇంతకుముందు ఆమె సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం నేను చూడలేదు. నేనే రాయనివ్వలేదేమో. సరే.

జూలై 27, ఆదివారం

కొత్త నియమం. మేనేజరు తప్పు చెప్తే, పాఠ్యపుస్తకం తెరిచి పట్టుకున్నవాళ్లు గెలిచినట్టు. ఓడిపోయింది మేనేజరే అయినా దానికి జేబు లేదు కాబట్టి అందరికీ చాయ్ నేను పోయించాలి. హోటల్లో బహస్, అంటే వాదన, పెట్టుకుంటే ఓడినవాడే చాయ్ పోయించడం ఇక్కడి మర్యాద.

ఇవాళ మా పుస్తకంలో లేని పాఠానికి సారాంశం చెప్పింది. ఎంత ధీమాగా అంటే, ఎల్లప్ప అన్న తన పుస్తకంలో పేజీలు చిరిగాయేమోనని అట్టల మధ్య వేళ్లు పెట్టి వెతికాడు. అక్క విషయసూచిక మొత్తం వేలు పెట్టి చదివింది. టకటకా చదివింది! తలెత్తి, "లేదు! ఈ పాఠమే లేదు! అబద్ధం ఆడుతున్నవ్ మేనేజరూ, పట్టుబడ్డవ్!" అని అరిచింది. రోడ్డు మీదివాళ్లు తొంగిచూశారు.

మేనేజరు క్షమాపణ చెప్పింది. "సారీ ఎవ్వరిక్కావాలె? చాయ్ తెప్పియ్" అంది అక్క.

నిన్నటిదాకా పుస్తకమంటే భయపడ్డవాళ్లు, మేనేజరును ఓడించడానికి పుస్తకం చదువుతున్నారు. ఇది ఏ కరపత్రంలోనూ లేదు.

ఆగస్టు 1

వినాయకులు మమ్మల్ని తరిమేస్తున్నారు. చవితి దగ్గర పడేకొద్దీ కొత్త విగ్రహాలు వచ్చి నిలబడుతున్నాయి. మేము కూర్చునే చోటుకు ఇవాళ ఒక పెద్ద తొండం వచ్చింది. సగం మంది నిలబడే రాశారు. అక్క పుస్తకం మీద పసుపు రంగు చుక్కలు.

"ఇంక వారం, తర్వాత జాగ ఉండదు తమ్మీ. దేవుణ్ణి బయటికి పొమ్మనలేను కద" అన్నాడు ఎల్లప్ప అన్న, తన తప్పేదో ఉన్నట్టు.

హాలు కావాలి. కావలసిందే.

ఆగస్టు 2

దుకాణంలో గిరాకీ లేనప్పుడల్లా మేనేజరును రాధాకృష్ణమూర్తిని చేసి వాదిస్తున్నాను. నేను అరిచిన ప్రతిసారీ అది, "మీరు గొంతు పెంచారు గానీ వరి పొలాల గురించి చెప్పలేదు" అంటోంది. నిజంగా ఆయనలాగే విసిగిస్తోంది. ఆఖరికి నోరు మూసుకుని, ఆయన వైపు నుంచి నా మీద కేసు రాశాను. చదువుకుంటే ఆయనే గెలుస్తున్నాడు.

కాబట్టి ఆ తప్పేదో నేనే ముందు ఒప్పుకుంటే?

ఆగస్టు 4

వెళ్లాం. నేనూ, సక్కుబాయి అక్కా. దారిలో కారుకూ గోడకూ మధ్య సందులోంచి అడ్డంగా నడిచి వెళ్తూ, "తమ్మీ, ఇయ్యాల నువ్వు లొల్లి చేసినవనుకో, నేను ఈ కారు కిందికే దూరి దాక్కుంట" అని బెదిరించింది.

రాధాకృష్ణమూర్తి గారు వరండాలో కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే నిటారుగా కూర్చున్నారు.

"సార్, మీరు పట్టుకున్నది నిజం" అన్నాను. "సంతోష్‌నగర్‌ల వరి పొలాలు లేవు. అది నేను చేయించిన పని, వీళ్లది కాదు. గట్ల చెప్పే క్లాసుకు తాళం ఎయ్యాల్సిందే. కానీ ఇప్పుడు మా క్లాసు అది కాదు. ఫోన్లు బయట పెడతం. మీ ఇష్టమొచ్చింది ఇయ్యున్రి, మీ ముందల కూసోని రాస్తరు. రాయకపోతే తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోన్రి."

ఆయన ఎదురుచూసింది ఇది కాదు. లోపల నుంచి వాళ్లావిడ సీతారావమ్మ గారు కాఫీ తెచ్చారు. ఆయన ఒక గుక్క తాగి అప్పుడు మాట్లాడారు.

"ఏవయ్యా ఇస్సాకూ, నువ్వొచ్చి అరుస్తావని బీపీ మాత్ర వేసుకుని కూర్చున్నాను. వృథా చేయించావు కదా."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరే. ఆదివారం పొద్దున. విషయం అక్కడే బోర్డు మీద రాస్తాను. ఒక్కళ్ల పేపర్లో పక్కవాళ్ల వాక్యం కనబడినా ఇక ఈ మాట ఎత్తకూడదు. పిల్లలాట కాదు, సంఘం హాలది. ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నం సార్" అంది అక్క, నాకంటే ముందు.

ఆగస్టు 7

భయంగా ఉంది. కరపత్రాల్లో భయం గురించి ఉండదు.

ఆగస్టు 10, ఆదివారం

వరసగా రాయాలి.

ఆయన తాళం తీశారు. దుమ్ము. బల్లలు అక్క వాళ్లే తుడుచుకున్నారు. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి నాకిచ్చి నన్ను బయటికి పంపారు. కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశారు:

"నేను నివసించే చోటు."

అదే! మళ్లీ అదే విషయం! వరి పొలాలు మళ్లీ మొలుస్తాయో లేదో చూద్దామని! కిటికీ చువ్వలు గట్టిగా పట్టుకున్నాను. అరవలేదు. ఎల్లప్ప అన్న తలెత్తి నా వైపు చూసి, నవ్వి, తల వంచుకుని రాయడం మొదలుపెట్టాడు.

అయ్యాక ఆయన అక్కడే నిలబడి పేపర్లు దిద్దారు. సుచరిత మేడమ్ కూడా వచ్చి వెనక కూర్చున్నారు. నన్ను లోపలికి పిలిచారు. ఎల్లప్ప అన్న పేపరు చదువుతూ ఆయన ఒక చోట ఆగి, పైకే చదివారు: "మా నాన్న జీవితమంతా వినాయకులను చేశాడు. ఒక్కటి కూడా మాకు మిగలలేదు. అన్నీ నీళ్లలో కలిసిపోయినవి. మా నాన్న దానికి ఎప్పుడూ బాధపడలేదు, నేను పడతాను." ఒక్కొక్కటే చూస్తూ పోయారు. ఒక గల్లీ ఇంకో గల్లీలా లేదు.

తర్వాత సక్కుబాయి అక్క పేపరు. దీన్నీ పైకే మొదలుపెట్టారు.

"మా ఇంటి ముందు వరి పొలాలు లేవు. గుమ్మంలో నిలబడితే మొదట కనబడేది ఒక కారు. దానికి కవరు కప్పి ఉంటుంది. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి అది కదలలేదు. నల్లా నీళ్లు వచ్చినప్పుడు మేము బిందెలు పట్టుకుని దాని పక్క నుంచి ఒక్కొక్కరము అడ్డంగా నడిచి పోవలెను, ఎండ్రకాయల వలె. వానాకాలములో దాని కింద పిల్లి పిల్లలను పెడుతుంది. కావున ఆ కారు వలన ఒక ఉపయోగము కలదు. అది ఎవరి కారో నేను రాయను. ఎందుకంటే మార్కులు..."

ఆగిపోయారు.

"చదవండి నాన్నా" అన్నారు సుచరిత మేడమ్.

"ఎందుకంటే మార్కులు వేసేది ఆయనే."

అక్క బల్ల కేసి చూస్తోంది. ముందు సుచరిత మేడమ్ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"పిల్లి సంగతి నాకు తెలీదు సక్కుబాయమ్మా."

"మూడు సార్లు ఈనింది సార్" అంది అక్క, చిన్న గొంతుతో.

"ఇది మిషను రాసింది కాదు" అన్నారు ఆయన అందరితో. "మిషనైతే నా కారుని మెచ్చుకునేది." జేబులోంచి తాళంచెవి తీసి నాకు కాదు, అక్క చేతిలో పెట్టారు. "ఏవయ్యా ఇస్సాకూ, మిషను చేత తిట్టించుకునే పద్ధతి ఉందటగా, అది నాకూ నేర్పు. నా నోటీసుని బాధ్యతాయుతం అందట, మా అమ్మాయి చూపించింది. సిగ్గేసింది."

అంతటితో అయిపోలేదు. ఆయన నేరుగా కారు దగ్గరికి నడిచారు, వెనక మేమంతా. కవరు తీశారు. అది మబ్బు రంగు కారని ఈ గల్లీలో ఎవరికీ తెలియదు. తాళం తిప్పితే దగ్గను కూడా దగ్గలేదు. "తోయండి" అన్నారు. ఆయన స్టీరింగు పట్టుకున్నారు, అక్క, ఎల్లప్ప అన్న, నేను, క్లాసు మొత్తం వెనక నుంచి వాళ్ల గేటు దాకా తోశాం. ఎల్లప్ప అన్న నిమజ్జనానికి లాగినట్టే కేకలు. సీతారావమ్మ గారు గేటు దగ్గర నిలబడి, "ఇన్నాళ్లకి!" అన్నారు. పిల్లి గోడ ఎక్కి మమ్మల్ని చూసింది.

గల్లీ మొదలు తెరుచుకుంది. అక్క చేతులు దులుపుకుని, మధ్యలో నుంచి, నిటారుగా, అటూ ఇటూ ఒకసారి నడిచింది. ఊరికే.

అదే రోజు, సాయంత్రం

కొత్త కరపత్రం రాశాను. నేనే, నా మాటల్లో. రాశాక మేనేజరుకు చూపించి, "మెచ్చుకోకు, లోపం చెప్పు" అన్నాను.

"ఎన్ని గంటలకు రావాలో రాయలేదు" అంది.

నిజమే. రాశాను:

బస్తీ మిత్రులారా! హాలు తెరిచాం. బడి మధ్యలో ఆగినవాళ్లు రండి, పని నుంచి అలిసి వచ్చినవాళ్లు అలాగే రండి. మేనేజరు ఉంటుంది, ఫికర్ వద్దు, ముందు మాట్లాడేది మీరే. దాని తప్పు పట్టినవాళ్లకు చాయ్ ఉంది. ఒక పెన్ను తెచ్చుకోండి. మీ గల్లీని తెచ్చుకోండి. వరి పొలాలు తేవద్దు. రేపు సోమవారం, సాయంత్రం ఆరున్నరకు, హాలు తలుపు దగ్గర. తాళంచెవి సక్కుబాయి అక్క దగ్గరుంది.